అక్క ఊరికి అద్దాల బస్టాండు

చెల్లెమ్మకు,

దీవెనలతో అక్క రాసేది. ఇక్కడ మీ బావా, నేనూ, నా మోకాలి నొప్పీ ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, మరిదీ, మీ టీ క్యాంటీనూ బాగున్నారనే అనుకుంటున్నాను.

విశేషం ఏమిటంటే, మా ఊరికి పరదేశం వాళ్ళు బస్టాండు కట్టించి ఇస్తున్నారు. ఏ దేశం అని అడగకు. ఆ పేరు పలకబోతే మీ బావకి పొలమారుతోంది. వాళ్ళ ఇంజనీరు ఒకాయన దిగాడు. చేతిలో టేపు లేకుండా కనిపించడు గనక అందరం టేపు దొర అంటున్నాం. మొన్న మా పాత రేకుల షెడ్డు పీకించేశాడు. దాని స్థానంలో అద్దాల గోడలట, మనిషిని చూసి వాటంతటవే తెరుచుకునే తలుపులట, మనం ఊరికే నిలబడితే పైకి మోసుకుపోయే మెట్లట. నా క్యాంటీనుకి లోపల గది ఇస్తామని బస్సుల ఆఫీసరు నలుగురిలో చెప్పాడు.

నాకిక లోటేముంది చెప్పు. అసలే పైనుంచి వచ్చే ప్రతి బస్సూ మా దగ్గరే టీకి ఆగుతుంది. మీ ఊళ్ళో మనుషుల్ని దించేసి ఇంజను కూడా ఆపకుండా వెళ్ళిపోతుంది. నేను దెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తాడు. నీకు ఓర్పు ఇచ్చాడు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క

తా.క. మీ బస్టాండు షెడ్డు ఇంకా కారుతోందా? మిగతా హడావిడిలో అడగడం మర్చిపోయాను.

*

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాయునది. నీ ఉత్తరం అంది సంతోషించాను. ఎంత సంతోషించానంటే ఆ పూట గ్లాసులు కడుగుతూ రెండు పగలగొట్టాను. మీ మరిది నా మొహం చూసి కాస్త దూరంగా వెళ్ళి కూర్చున్నారు.

దాచుకోవడం ఎందుకు, నాకు కుళ్ళుగా ఉంది. చిన్నప్పుడు అమ్మ కొత్త గౌను కుట్టిస్తే అది నీకు పొట్టయ్యాకే నా ఒంటి మీదికి వచ్చేది. పలకా అంతే, చెప్పులూ అంతే. ఇప్పుడు బస్టాండు కూడా ముందు నీకే. నీకు ఇరుకైపోయాక నాకు పంపిస్తావేమోనని ఎదురుచూస్తూ ఉంటాను.

నిన్న ఉండబట్టలేక మునిసిపాలిటీకి వెళ్ళి గుమాస్తాని అడిగాను, వాళ్ళ ఊళ్ళో ఏముంది మా ఊళ్ళో ఏం లేదు అని. పరదేశం వాళ్ళు వచ్చిన రోజున మా చైర్మను కడుపునొప్పితో ఇంట్లో పడుకున్నాడట. మీ చైర్మను ఎదురెళ్ళి దండ వేశాడట. ఒక్క కడుపునొప్పికి ఊరి తలరాత మారిపోయింది చూడు. ఇంటికొచ్చి మీ మరిదితో అన్నాను, మీకు ఎప్పుడు కడుపునొప్పి వచ్చినా పనిమానడానికి వీల్లేదని.

నువ్వు గాజుగదిలో కూర్చుని గల్లాపెట్టె లెక్కపెట్టుకుంటుంటే నేను ఇక్కడ పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఉంటాను. అదే కదా నీకు కావలసింది.

ఇట్లు,
నీ ఓర్పుగల చెల్లెలు

తా.క. షెడ్డు కారడం లేదు. కారే చోట బకెట్టు పెట్టాం.

*

చెల్లెమ్మకు,

అక్క ఆశీస్సులు. కోపంలో గ్లాసులు పగలగొట్టకు. మళ్ళీ కొనేది నువ్వే.

బస్టాండు ప్రారంభోత్సవం అయింది. పరదేశం పెద్దాయన రిబ్బను కత్తిరించాడు. తలుపులు నిజంగానే వాటంతటవే తెరుచుకున్నాయి. మా చైర్మను సరదా పడి లోపలికీ బయటికీ తిరుగుతుంటే ఎవరో భుజం పట్టి ఆపారు. నేల ఎలా ఉందనుకున్నావు, వంగి చూస్తే నా మొహం కనబడింది. ముక్కుపుడక తుడుచుకోవాలని అప్పుడే తెలిసింది.

నా గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. అద్దాలకి పొగ పడుతుందని పొయ్యి పెట్టనివ్వలేదు. టీ కాచే మిషను ఇచ్చారు. బొత్తాం నొక్కితే చాలు, నా చేతికి శ్రమే లేదు. బొత్తాల మీద వాళ్ళ భాష ఉంది గనక ఒక్కోసారి వేడినీళ్ళు వస్తాయి, ఒక్కోసారి ఏదో చారులాంటిది వస్తుంది. అదీ ఆరోగ్యానికి మంచిదేనట.

చెల్లీ, ఇంత సుఖం నా జన్మలో ఎరగను. ఒక్క తోపులాట లేదు, ఒక్క కేక లేదు. బస్సులు లోపలికొచ్చి పొగ వదలడం లేదు. మధ్యాహ్నం వేళ నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తుంది. ఈ బస్టాండు కట్టించినవాళ్ళు దేవుళ్ళు. ఇలాంటిది ప్రతి ఊళ్ళోనూ ఉండాలి. నీ ఊళ్ళో రాదనుకో, అయినా మాట వరసకి అన్నాను.

ఇట్లు,
సుఖంగా ఉన్న అక్క

తా.క. మీ బావకి కదిలే మెట్లంటే ప్రాణమైపోయింది. పైకి వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ లేదు, మళ్ళీ దిగొస్తున్నారు. రోజంతా అదే పని.

*

అక్కకు,

నమస్కారాలు. నీ సుఖం చదివి నా ప్రాణం ఉసూరుమంది.

నీకక్కడ చెప్పుల చప్పుడు వినిపిస్తుంటే నాకిక్కడ నా గొంతే నాకు వినిపించడం లేదు. ఏం పాపం చేశానో, నెల్లాళ్ళుగా ప్రతి బస్సూ వచ్చి నా నెత్తినే పడుతోంది. ఇంజను ఆపేసి, డ్రైవరూ కండక్టరూ జనమంతా దిగి టీ టీ అని అరుస్తారు. పెద్ద గిన్నె అడుగంటి పోయింది. కోడిగుడ్లు ఉడకబెట్టేలోగా అయిపోతున్నాయి. బల్ల కాలు విరిగితే ఇటుకలు పెట్టాం. పొద్దుటినుంచి నిలబడి నిలబడి నా కాళ్ళు నావి కావు.

ఒక డ్రైవర్ని నిలదీశాను, ఇన్నాళ్ళూ మా అక్క దగ్గర ఆగేవాళ్ళు కదా, ఇప్పుడేం వచ్చిందని. "అక్కడ మేం ఆగలేమమ్మా" అన్నాడు తల దించుకుని. నాకు అర్థమైంది. మామూలు బస్సులు ఆగడానికి బెరుకు పుట్టేంత గొప్ప బస్టాండన్నమాట. నువ్వు మహారాణివి. మురికి జనాన్ని చెల్లెలి మీదికి తోసి నువ్వు చల్లగా చారు తాగుతున్నావు.

ఒంటరిగా చెయ్యలేక తమ్ముడి భార్యని సాయానికి పిలిపించాను. మన మరదలు సంగతి తెలుసుగా, నోట్లో నాలుక లేదు. టీ కలపడం కూడా నేనే నేర్పాల్సి వచ్చింది.

నేను ఊరుకోను. నాకూ అద్దాల బస్టాండు కావాలి. నాకూ నిశ్శబ్దం కావాలి.

ఇట్లు,
నీ మూలాన కాళ్ళు వాచిన చెల్లెలు

తా.క. పనిలో పడి గల్లాపెట్టె సంగతి రాయడం మర్చిపోయాను. నిండిపోతే మూత పడడం లేదు. అదొక చిరాకు.

*

చెల్లెమ్మకు,

ఆశీస్సులు తర్వాత. ముందు నువ్వు స్థిమితంగా కూర్చుని ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

నీ గల్లాపెట్టె మూత పడని సంగతి చదివి నాకు అన్నం సయించలేదు. ఒప్పుకుంటున్నాను. ఆ మూత నా పెట్టెకి పడకుండా ఉండేది. ఆ డ్రైవర్లు నా డ్రైవర్లు. వాళ్ళలో ఎవరికి పంచదార తక్కువో, ఎవరికి మీగడ తీసెయ్యాలో నాకు తెలుసు, నీకు తెలియదు.

జరిగింది ఇదీ. మన బళ్ళు రోడ్డుకి ఒక పక్క నడిస్తే, వాళ్ళ దేశంలో రెండో పక్క నడుస్తాయట. వాళ్ళ బస్సుల తలుపులూ రెండో పక్కే. టేపు దొర వాళ్ళ ఊళ్ళో కట్టిన బస్టాండు పటమే తెచ్చి ఇక్కడ దించేశాడు. మన బస్సు అరుగు పక్కన ఆగితే అరుగు వైపు డ్రైవరు ఉంటాడు. తలుపేమో అవతల గోడవైపు ఉంటుంది. గోడకీ బస్సుకీ మధ్య పిల్లి పట్టేంత సందు. ప్రారంభోత్సవం రోజున జనం డ్రైవరు సీటు మీదుగా దూకి దిగారు. అది మన మర్యాద అనుకుని దొరలు చప్పట్లు కొట్టారు.

ఒక డ్రైవరు తెలివికి పోయి వెనక్కి తోలుకుంటూ వచ్చాడు. శిలాఫలకం పడిపోయింది. అప్పటినుంచి ఏ బస్సూ లోపలికి రావడం లేదు. బయట రోడ్డు మీద జనాన్ని దులిపేసి నీ దగ్గరికి వస్తున్నాయి. నా టీ నేనే తాగుతున్నాను. ఎన్ని నొక్కినా చారే వస్తోంది.

గోడలు పగలగొట్టమని ఊరంతా అడుగుతున్నాం. అంతవరకు నువ్వు అద్దాలూ గిద్దాలూ అనకుండా ఆ రేకుల కిందే ఉండు. ఉన్నది చల్లగా చూసుకో.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఎర్ర తువ్వాలు డ్రైవరుకి అల్లం ఎక్కువ వెయ్యకు, పడదు. నా దగ్గరికి తిరిగి వచ్చేదాకా వాడి ఆరోగ్యం నీ పూచీ.

*

అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాను. మీ మరిదికి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎంత కథ అల్లావే అక్కా. నాకు బస్టాండు వచ్చేస్తుందని తెలిసి నీకు నిద్రపట్టడం లేదన్నమాట. కోట్లు పోసి బస్టాండు కట్టినవాళ్ళకి బస్సు తలుపు ఎటుందో తెలియదా? పరదేశం నుంచి ఇంత దూరం వచ్చినవాళ్ళు బస్టాండు ముందుకొచ్చి తల తిప్పి బస్సుని చూడలేదా? చిన్నప్పుడు జామకాయ పుచ్చిందని చెప్పి నా వాటా కూడా నువ్వే తినేదానివి. అది ఇంకా మరిచిపోలేదు.

నీ ఎత్తులు పారవు. నేను అర్జీ పెట్టేశాను. ఇక్కడ టీ తాగిన ప్రతివాడి చేతా సంతకం పెట్టించాను. సంతకం పెడితేగానీ చిల్లర ఇవ్వలేదు. ఉత్త అర్జీ అయితే బుట్టలో పడేస్తారని గుమాస్తా చెబితే, వాడినవాళ్ళు ఏమంటున్నారో కూడా చూపించాను. ప్రారంభోత్సవం అయ్యాక నువ్వు రాసిన ఉత్తరం లేదూ, "ఇంత సుఖం నా జన్మలో ఎరగను, కట్టించినవాళ్ళు దేవుళ్ళు, ఇలాంటిది ప్రతి ఊళ్ళోనూ ఉండాలి" అని, అది అర్జీకి గుచ్చి పంపాను. గుమాస్తా చదివి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇన్నాళ్ళకి నీ చేత్తో నాకు ఒక మేలు జరిగింది. అందుకు మాత్రం కృతజ్ఞురాలిని.

ఇట్లు,
త్వరలో సుఖపడబోయే చెల్లెలు

తా.క. ఎర్ర తువ్వాలు డ్రైవరు నా టీయే బాగుందన్నాడు. నేను అడగలేదు, తనే అన్నాడు. రెండోసారి మాత్రం అడిగాను.

*

చెల్లీ,

ఆశీర్వదించడానికి చెయ్యి లేవడం లేదు. నీ అర్జీ నా కొంప ముంచింది.

ఊరంతా పోరితే గోడలు పగలగొట్టడానికి టేపు దొర ఒప్పుకున్నాడు. పాపం తప్పు తెలుసుకుని పైవాళ్ళకి రాశాడు కూడా. సరిగ్గా అప్పుడే నీ అర్జీ, దానికి గుచ్చిన నా ఉత్తరం వాళ్ళ చేతికి చేరాయి. తర్జుమా చేయించుకుని చదివారట. వాడుకునేవాళ్ళు ఇంత సుఖంగా ఉంటే పగలగొట్టడం దేనికని టేపు దొరకి చీవాట్లు పెట్టారు. అది నేను గొప్పకి రాసిందని ఎంత మొత్తుకున్నా తర్జుమా ఆయన నవ్వుతూ నా చెయ్యి ఊపాడు. మర్నాడు ఆ ఉత్తరాన్ని పటం కట్టి హాల్లో వేలాడదీశారు. రోజూ దాని దుమ్ము తుడిచే పని నాకే అప్పగించారు.

అంతటితో అయిందా. గోడ జరగదు గనక బస్సులు మార్చాలన్నారు. తలుపు అటువైపు ఉన్న బస్సులు వాళ్ళ దేశంలోనే దొరుకుతాయి, అప్పు మీద ఇస్తారట. ఆ బస్సులొస్తే జనం నడిరోడ్డు వైపు దిగాలి కదా అని బస్సుల ఆఫీసరు గొణిగితే, రోడ్డు కూడా మార్చి ఇస్తాం, దానికి ఇంకో అప్పు ఉంది అన్నారు. సన్యాసి గోచీని ఎలక కొరుకుతోందని పిల్లిని తెచ్చి, పిల్లికి పాలు కావాలని ఆవుని తెచ్చినట్టుంది. గోటితో పోయేదానికి గొడ్డలి కూడా కాదు, గొడ్డళ్ళ కొట్టే పెట్టిస్తున్నారు. దానమిచ్చిన గేదెకి పళ్ళు పట్టి చూడకూడదంటారు. ఇది దానమూ కాదు, పైగా కుమ్ముతోంది.

నీ పొట్ట నిండుతుంటే నాకు కడుపు మండిన మాట నిజమే. అయినా అక్కగా చెబుతున్నాను. నీ అర్జీ వెనక్కి తీసుకో. ఈ ఒక్కసారి జామకాయ నిజంగానే పుచ్చింది.

ఇట్లు,
పటానికి దుమ్ము తుడిచే అక్క

తా.క. మీ బావ మెట్లు కూడా ఆగిపోయాయి. ఒక మర పోయిందట, అది వాళ్ళ దేశం నుంచి రావాలి. మీ బావ మధ్యలో ఉండగా ఆగాయి. కాసేపు కదులుతాయేమోనని అక్కడే నిలబడి చూశారట.

*

అక్కా,

నమస్కారం. నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. అప్పటికే మా షెడ్డు పీకేశారు.

నువ్వు చెప్పింది నిజమేనే. నా కళ్ళతో చూశాను. టేపు దొర ఇక్కడికి అదే పటం తెచ్చాడు. గోడ ఎక్కడ వస్తుందో సున్నం గీత గీశాడు. పక్కనే బస్సు ఆగి ఉంది, తలుపు గీతవైపే ఉంది. నేను పరుగెత్తుకెళ్ళి తలుపునీ గీతనీ వేలు పెట్టి చూపించాను. ఆయన నేనెవరో అడిగి తెలుసుకుని, వంగి దణ్ణం పెట్టాడు. ఈ బస్టాండుని అడిగి కట్టించుకున్న ఇల్లాలని ఫొటో కూడా తీయించాడు. మార్చడానికి ఆయన చేతిలో ఏమీ లేదట. బాగుందని రుజువైన పటాన్ని మార్చకూడదని పైవాళ్ళు కాగితం పంపారట. ఆ రుజువు నీ ఉత్తరమే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వేసుకుంది నేనే గనక ఎవర్నీ అనడానికి లేదు.

ఇప్పుడు నా బల్లలూ గిన్నెలూ మా పెరట్లో ఉన్నాయి. ఊళ్ళోకి బస్సు రావడమే మానేసింది. అందరూ మీ ఊరికీ మా ఊరికీ మధ్య నాలుగు రోడ్ల దగ్గర ఆగుతున్నారు, మూతపడ్డ రంపపు మిల్లు ముందు. అక్కడ టీ దొరుకుతుందట. ఎవరు పెట్టారో తెలుసా? మన మరదలు. నోట్లో నాలుక లేని మరదలు. షెడ్డు పీకిన మర్నాడే నా దగ్గర నేర్చుకున్న టీ పట్టుకుని, తమ్ముడి చేత రెండు బల్లలు మోయించుకుని వెళ్ళి కూర్చుంది. మీ ఊరి బస్సులూ అక్కడే, మా ఊరి బస్సులూ అక్కడే. చూసొద్దామని వెళ్ళాను. గ్లాసులు చాలక మనుషులు వరసలో నిలబడ్డారు.

నన్ను చూసి ఏమందో తెలుసా? "ఎండలో ఊరికే నిలబడ్డం దేనికి వదినా, వచ్చి గ్లాసులు కడగండి, కూలి ఇస్తాను" అంది. ప్రేమగానే అంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

నీ మీద ఇన్నాళ్ళు కుళ్ళుకున్నాను. అది సొంత అక్క మీద కుళ్ళు, అందులో ఒక మర్యాద ఉంది. ఇది వేరు. ఇది నిద్రపోనివ్వడం లేదు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. వెళ్ళినప్పుడు గ్లాసులు కడిగే వచ్చాను. చూస్తూ ఊరుకోలేకపోయాను. మురికిగా కడుగుతోంది.

*

నా బంగారు చెల్లికి,

అక్క కోటి దీవెనలు. నీ ఉత్తరం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మనిద్దరం ఇంత దగ్గరై ఎన్నాళ్ళయిందే.

నేనూ నాలుగు రోడ్లకి వెళ్ళాను. తలమీద కొంగు కప్పుకుని ఎవరో ప్రయాణికురాలిలా టీ తాగాను. బాగుంది. అదే నా బాధ. ఎర్ర తువ్వాలు డ్రైవరు రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకున్నాడు, నా వైపు చూడనైనా చూడలేదు. మీ బావ అక్కడే ఉన్నారు. పేపరు చదువుకోవడానికి వచ్చానన్నారు. టేపు దొర కూడా బల్లమీద కూర్చుని గ్లాసు పట్టుకుని ఊదుకుంటున్నాడు. మనిద్దరి కొంపలూ అద్దాలతో ముంచి, టీకి మాత్రం దాని దగ్గరికి పోతున్నాడు.

ఇంటికొచ్చి ఆలోచించాను. పోట్లాడితే తమ్ముడు నొచ్చుకుంటాడు. పక్కన మనం కూడా పొయ్యి పెడితే ఆడబిడ్డలు ఓర్వలేక వచ్చారంటారు. నలుగురూ మెచ్చుకునేలా ఏదైనా చెయ్యాలి. మన పిల్ల మరదలు ఆ మిల్లు ముందు ఎండలో, దుమ్ములో, అంత జనం మధ్య పొద్దస్తమానం కష్టపడుతుంటే మనకి కడుపు తరుక్కుపోవద్దూ? దానికీ కాస్త నీడా, కాస్త నిశ్శబ్దం కావద్దూ?

పరదేశం వాళ్ళకి మనిద్దరి మాటంటే గురి. అందుకని ఒక అర్జీ రాశాను, ఇందులో పెట్టి పంపుతున్నాను. నాలుగు రోడ్ల కూడలిలో, రంపపు మిల్లు ముందు, సరిగ్గా మన మరదలు బల్లలు వేసిన చోటే, మా రెండు ఊళ్ళకీ కట్టినట్టే ఒక అద్దాల బస్టాండు కట్టించి పుణ్యం కట్టుకోమని వేడుకున్నాను. నీ బస్టాండు ఇంకా పూర్తికాలేదు గనక అందులో నువ్వు పడుతున్న సుఖాన్ని కొంచెం ఊహించి రాసి, నీ ఉత్తరం కూడా దానికి గుచ్చు. నీ చేతిరాత నాకంటే గుండ్రంగా ఉంటుంది.

ఇట్లు,
నీ ప్రాణసమానమైన అక్క

తా.క. మొదటి సంతకం నేను పెట్టేశాను, పెద్దదాన్ని కదా. నువ్వు నా కింద పెట్టు. పక్కన కాదు.